పలాంటీర్ అబద్ధం చెప్పదు, మరి మోసం ఎక్కడ?

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమా చూసినప్పుడు, సారుమాన్ దగ్గరున్న ఆ నల్ల గోళం సౌరాన్ తయారు చేసిందే అనుకున్నాను. పుస్తకం చదివాక తెలిసింది, కాదని!

టోల్కీన్ కథలో దాని పేరు పలాంటీర్, అంటే దూరాన్ని చూసేది. వీటిని చేసింది నోల్డోర్ ఎల్ఫ్‌లు. బహుశా ఫెయనోరే చేసి ఉంటాడంటాడు గాండాల్ఫ్. వాళ్లు నూమెనోర్ మనుషులకు కానుకగా ఇచ్చారు. ఆ ద్వీపం సముద్రంలో మునిగినప్పుడు ఎలెండిల్ ఏడు రాళ్లను ఓడల్లో తెచ్చాడు. నాలుగు గోండోర్‌లో, మూడు ఆర్నోర్‌లో పెట్టారు. అంటే అసలు హక్కు ఎలెండిల్ వంశానిది. సారుమాన్ ఉన్న గోపురం కూడా అతని సొంతం కాదు, గోండోర్ తాళాలిచ్చి ఉండనిచ్చింది, అంతే.

మరి సౌరాన్‌కి ఎలా దొరికింది? మినాస్ ఇథిల్ కోట పడిపోయినప్పుడు అక్కడి రాయి శత్రువుల చేతికి చిక్కింది. ఆ ఒక్కటి చాలు!

రాయి అబద్ధం చూపించదు. కానీ ఏది చూపించాలో సౌరాన్ ఎంచుకోగలడు. డెనెథోర్ చూసిన సైన్యాలు నిజమే. అయినా ఆశ వదిలేసి చితిలో కాలిపోయాడు. హక్కుదారుడైన అరగోర్న్ మాత్రం ఎదురు నిలిచి, రాయిని సౌరాన్ పట్టు నుంచి తన వైపు తిప్పుకున్నాడు.

రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో చెడ్డ వార్తలే చూసి, ఇక లోకం పని అయిపోయిందనుకుని పడుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఆ వీడియోలు ఫేక్ కాదు. కానీ వాటిని ఎంచింది నేను కాదు.

ఫోన్ మనదే. చూపు కూడా మనదేనా? కామెంట్‌లో చెప్పండి.