ఒక గూటి పక్షులకు ఒక గది

పక్క హాల్లో చీరల అంగళ్ళు, కింద భోజనాల వరస, పెద్ద వేదిక మీద సినిమా తారలు. ఇవన్నీ వదులుకుని సాఫ్ట్‌వేర్ కబుర్లు వినడానికి ఈ గదికి వచ్చిన మీ ఓపికకు ముందుగా ధన్యవాదాలు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గానీ బ్యాంకులోనో, బీమా కంపెనీలోనో కాదు. ఒక విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రవేత్తల దగ్గర. వాళ్ళు సమీకరణాలు రాస్తారు, మేం కంప్యూటరు చేత లెక్క కట్టిస్తాం. నేను ఇంజనీరింగ్ చదివేనాటికే పాతబడిందనుకున్న ఫోర్ట్రాన్ భాషే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. పరిశోధన పత్రం అచ్చయితే పైన డజను పేర్లుంటాయి. ప్రోగ్రాము రాసినవాడి పేరు చివర కృతజ్ఞతల్లో కనిపిస్తే అదే పదివేలు. పెళ్ళిలో వంటవాడి సంగతి మీకు తెలిసిందే కదా!

మాలాంటివాళ్ళం సదస్సుల్లో కాఫీల దగ్గర కలిసి ఈ బాధలే చెప్పుకునేవాళ్ళం. ఒక ఏడాది నేనూ, ఒక మిత్రుడూ ధైర్యం చేసి, ‘మాకో గది, ఒక గంట ఇవ్వండి’ అని నిర్వాహకులకు రాశాం. ఇలాంటి అనుబంధ సమావేశాన్ని ఇక్కడ ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ అంటారు. అంటే ఒక గూటి పక్షులన్నమాట. మన మహాసభల్లో కాలేజీ పూర్వ విద్యార్థులు ఒక గదిలో చేరడం లేదూ? అదే పద్ధతి.

ఇదేం చిన్న విషయం కాదండీ. 2012లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన ఒక వర్క్‌షాపులో కొద్దిమంది కూర్చుని, మన ఉద్యోగానికి పేరే లేదేమిటని చర్చించుకుని ‘రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అని పేరు పెట్టుకున్నారు. 2016లో మాంచెస్టర్‌లో ఆ పేరు మీదే ఒక సదస్సు జరిగింది.

మాకు దొరికింది మధ్యాహ్నం 12 గంటలకు, సరిగ్గా భోజనం వేళ. నేను 20 స్లైడ్లు చేసుకుని వెళ్ళాను. మిత్రుడు వాటిని పక్కన పెట్టించి, కుర్చీలు గుండ్రంగా వేయించి, బోర్డు మీద ఒక్క ప్రశ్న రాశాడు: ‘మీ ప్రోగ్రాములో తప్పు దొరికితే ఎవరికి చెప్పారు?’ 12:10 దాకా గదిలో మేమిద్దరమే. తరవాత ఒక్కొక్కరే వచ్చారు, కుర్చీలు చాలలేదు.

ప్రశ్న చదివి అందరూ నేల చూపులు చూస్తున్నారు. చివరికి ఒక అమ్మాయి నోరు విప్పింది. పత్రం అచ్చయ్యాక తన ప్రోగ్రాములో తప్పు దొరికిందట. ప్రొఫెసరుగారికి చెప్పలేక ఆరు నెలలుగా నిద్ర లేదట. గది నిశ్శబ్దమైపోయింది. అప్పుడు నా సంగతీ చెప్పక తప్పలేదు. ఫిబ్రవరి 29 లేని కేలండరు వాడే వాతావరణ నమూనాలున్నాయి. దాని లెక్కలను అసలు కేలండరుతో తీసుకున్న కొలతల పక్కన పెట్టి పోల్చాను. నాలుగేళ్ళకో రోజు చొప్పున జారిపోయింది! అచ్చుకు వెళ్ళేముందే దొరికింది గనక బతికిపోయాను, కానీ అంతవరకూ మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఇంతకన్నా చిత్రమైనదాన్ని 2019లో హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు బయటపెట్టారు. రసాయన శాస్త్రంలో 2014లో అచ్చయిన ఒక పైథాన్ ప్రోగ్రాము, ఫైళ్ళను కంప్యూటరు ఏ వరసలో అందిస్తే ఆ వరసలోనే తీసుకునేది. దాంతో అవే ఫైళ్ళకు ఒక యంత్రంలో ఒక జవాబు, ఇంకో యంత్రంలో ఇంకో జవాబు. ఫైళ్ళను ముందుగా వరసలో పేర్చుకుంటే సరిపోయేది. అయిదేళ్ళపాటు అది ఎవరి కంటా పడలేదు.

ఆ రోజు గంట దాటినా ముగ్గురు లేవలేదు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని ప్రొఫెసరుకు ఉత్తరం రాయించారు. ఆయన కోప్పడలేదట, సవరణ ప్రచురించారు. మరుసటి ఏడు గది కోసం దరఖాస్తు పెట్టింది ఆ అమ్మాయే.

మీలో ఎవరైనా ఇలాంటిది పెట్టదలిస్తే నెలల ముందే రాయండి. భోజనం వేళ ఇచ్చారని అలగకండి. మైకు మాత్రం వద్దు, మైకు పట్టుకుంటే మనవాళ్ళు వదలరు.

నా సమయం అయిపోయింది. తరవాత ఇదే గదిలో పూర్వ విద్యార్థుల సమావేశం ఉందట. వాళ్ళు వచ్చేలోగా కుర్చీలు గుండ్రంగా వేద్దాం, తలో చెయ్యీ వేయండి.