పుట్ట ఎవరిది?

 

ఈ రాయపోల్ ఊరికి సముద్రం చాలా దూరం. చుట్టూ కనిపించే గుట్టలు, గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు, నైసు రాళ్లు. శిలాద్రవం చల్లారి గట్టిపడ్డ రాతిలో పురుగు బొరియను ఎంత వెతికినా దొరకదు. అయినా ప్రాచీన సముద్రపు మట్టిలో శిలాజమైన బొరియల వర్గీకరణ గురించి ఇక్కడే మాట్లాడదామనుకున్నాను. ఈ శాస్త్రంలోని మొదటి పాఠం మీ పొలం ఒడ్డు మీదే ఉన్నది.

ఒడ్డుకు బొక్క పడి మడిలో నీళ్లు పోతుంటే రైతు ముందు ఆ బొక్క మూతి చూస్తాడు. చుట్టూ బురద ఉండలుంటే ఎండ్రకాయ పని, పొడి మట్టి కుప్ప ఉంటే ఎలుక పని. జీవి కంటబడకపోయినా తవ్విన తీరు పట్టిస్తుంది. రైతుకు ఇంకొక సంగతీ తెలుసు. చెదలు కట్టిన పుట్టలో పాము చేరుతుంది. లోపల దొరికినవాడే కట్టినవాడని తీర్పు చెప్పరాదు. జాడల శాస్త్రమంతా ఈ రెండు తెలివిడుల మీదే నిలబడింది.

ఆ తెలివిడి పండితులకు ఆలస్యంగా వచ్చింది. 19వ శతాబ్దంలో చాలామంది రాళ్లలో కొమ్మల్లా చీలిన బొరియల గుర్తులను సముద్రపు నాచు అనుకుని మొక్కల పేర్లు పెట్టారు. కాండ్రైటిస్ అనే పేరు అలా వచ్చిందే. స్వీడన్ శాస్త్రవేత్త నాథోర్స్ట్ పురుగుల్నీ ఇతర జీవుల్నీ మెత్తటి మట్టి మీద పాకించి, ఆ గుర్తులను శిలాజాలతో పోల్చి, నాచు అనుకున్నవాటిలో అనేకం జంతువుల జాడలేనని 1881లో చూపాడు.

1953లో జర్మనీకి చెందిన అడాల్ఫ్ జైలాకర్ అసలు ప్రశ్ననే మార్చాడు. ఏ జీవి అని కాక, ఏం చేస్తూ ఈ గుర్తు వదిలింది అని అడిగాడు. అయిదు తరగతులు చేశాడు. మన మాటల్లో చెప్పాలంటే అవి పడక గుర్తు, నడక చారిక, మేత జాడ, తిండి కోసం తవ్విన బొరియ, కాపురమున్న కలుగు. ఒకే జీవి పడుకుంటే ఒక గుర్తు, నడిస్తే ఇంకొకటి. వేర్వేరు జీవులు ఒకే పని చేస్తే గుర్తులు ఒకేలా ఉండవచ్చు. అందుకే ఇక్కడ పేరు పనికి పెడతారు, పనిచేసినవాడికి కాదు.

ఓఫియోమార్ఫా అనే బొరియను చూడండి. ఆ పేరుకు అర్థం పాము ఆకారం. కట్టింది పాము కాదు, ఎక్కువగా రొయ్యల చుట్టాలు. గుల్ల నేలలో బావి తవ్వితే రాతికట్టు కట్టక తప్పదు, గట్టి నేలలో అక్కర్లేదు. ఈ జీవులదీ అదే లెక్క. జారిపోయే ఇసుకలో మట్టి ఉండలు పేర్చి గోడ కడతాయి. గట్టి బురదలో గోడ లేకుండానే సొరంగాలు తీస్తాయి. ఆ రెండో రకానికి థలసినాయిడిస్ అని పేరు. తవ్విన జీవి ఒకటే అయినా పేర్లు రెండు కావచ్చు. కాబట్టి వర్గీకరించేవాడు ఆకారం, గోడ, కొమ్మలు చీలిన తీరు, లోపల నిండిన మట్టి, ఈ నాలుగూ చూడాలి.

ఇంగ్లిష్ యూ అక్షరంలా ఉండే డిప్లోక్రేటిరియాన్ ఇంకా ముచ్చటైనది. పైన ఇసుక పేరుకుంటే జీవి తన గొట్టాన్ని పైకి జరుపుకుంటుంది, కోసుకుపోతే కిందికి దించుకుంటుంది. జరిగిన ప్రతిసారీ గొట్టం రెండు కాళ్ల మధ్య ఒక వంపు పొర మిగులుతుంది. ఆ పొరలు చదివితే సముద్రం అడుగు పెరిగిందా, తరిగిందా తెలుస్తుంది.

ఈ శాస్త్రంలో పెద్ద పండితులూ తొందరపడగలరు. 1998లో జైలాకర్, ప్రదీప్ బోస్ తదితరులు మధ్యప్రదేశ్ చోర్హట్ ఇసుకరాయిలో వంద కోట్ల ఏళ్లకు పైబడిన పురుగు బొరియలున్నాయని ప్రకటించారు. తర్వాత ఆ రాళ్ల వయసు దాదాపు 160 కోట్ల ఏళ్లని తేలింది. అవి బొరియలే కావని చాలామంది వాదించారు. రాతిలో కనిపించే ప్రతి గీతా జీవి గీసిందని నమ్మరాదు.

బొరియలు లేకపోవడమూ ఒక సాక్ష్యమే. మన ఇళ్లలో పరిచే తాండూరు బండ ఒకప్పటి సముద్రపు సున్నపు బురద. దాని పొరలు అంత చదునుగా విడిపోవడానికి ఒక కారణం, ఆ బురదను కలియదున్నే పురుగులు అప్పటికి పుట్టకపోవడం. దాదాపు 53.9 కోట్ల ఏళ్ల కిందట కేంబ్రియన్ యుగం మొదలైంది. దాని హద్దును 1992లో న్యూఫౌండ్లాండ్ తీరంలో ఖాయం చేసినప్పుడు గుర్తుగా తీసుకున్నది ఎముకనో గవ్వనో కాదు, ట్రెప్టిక్నస్ అనే బొరియను.

విద్యార్థులకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. సముద్రపు శిలాజాలకు పేరుపడ్డ గోదావరి జిల్లాల దుద్దుకూరు, పంగిడి వైపు వెళ్లినప్పుడు గవ్వలు ఏరుకుని వచ్చేయకండి. పొరల్లో గొట్టాలు, చారికలు ఉన్నాయేమో చూడండి. ఉంటే కొలవండి, బొమ్మ గీయండి, పేరు చివర పెట్టండి. రెండోది, బొక్క, బొరియ, కలుగు, పుట్ట, గూడు, చారిక అనే మాటలను మీ ఊరి రైతులు ఎక్కడ ఏది వాడతారో రాసిపెట్టండి. రేపు ఈ శాస్త్రాన్ని తెలుగులో రాసేవాళ్లకు ఆ నోటుబుక్కే మొదటి నిఘంటువు అవుతుంది.