గ్రెనేడు గుంటలో దూకిన రౌతు



1940లలో గోదావరికి ఇవతల బూర్గంపాడు నిజాం రాజ్యం, అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ. పడవ దిగితే సర్కారే మారిపోయేది. ఇవతలి సర్కారు సైన్యంలో 1942లో ఇరవై ఏళ్లు నిండని పార్సీ కుర్రవాడొకడు అధికారిగా చేరాడు. పేరు అర్దేషిర్ బుర్జోర్జీ తారాపూర్. మనసంతా అశ్వికదళం మీద. వేసింది మాత్రం కాల్బలంలో, ఏడవ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో.

ఒకరోజు గ్రెనేడ్లు విసరడం నేర్పుతున్నారు. కొత్త సిపాయి చెయ్యి తడబడి గ్రెనేడు పక్కనే గుంటలో పడింది. తారాపూర్ అందులోకి దూకి, దాన్ని అందుకుని బయటికి విసిరాడు. చెయ్యి దాటిందో లేదో పేలింది. ముక్కలు అతని ఛాతీలో దిగాయి.

ఇదంతా నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ కళ్లారా చూశారు. పిలిపించి మెచ్చుకున్నారు. కుర్రవాడు గడుసువాడే! అదే అదనుగా తన పాత కోరిక బయటపెట్టాడు. అలా గుంటలో దూకినందుకు దక్కింది బదిలీ: హైదరాబాద్ లాన్సర్స్‌కి.

హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక అతను పూనా హార్స్‌కి వచ్చాడు. ఆ రెజిమెంటుకు ఇలాంటి కథ ముందే ఒకటుంది. 1914 నవంబరులో, ఫ్రాన్స్‌లోని ఫెస్టుబెర్ దగ్గర, గాయపడి ఆరుబయట పడివున్న ఒక సిపాయిని లెఫ్టినెంట్ ఫ్రాంక్ డి పాస్ తూటాల మధ్య నుంచి మోసుకొచ్చాడు. గుర్రం దిగి కందకంలో పోరాడుతున్న రౌతు అతను. ఆ పోరులోనే చనిపోయాడు. విక్టోరియా క్రాస్ తర్వాత వచ్చింది.

తారాపూర్ నాటికి గుర్రాలు పోయి ట్యాంకులొచ్చాయి. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత ట్యాంకుకీ చెల్లుతుంది కాబోలు. 1965 యుద్ధంలో, సియాల్‌కోట్ వైపు ఫిల్లోరా దగ్గర సెప్టెంబరు 11న అతనికి గాయమైంది. వెనక్కి వెళ్లమంటే వెళ్లలేదు. ఆ గాయంతోనే రెజిమెంటును నడిపాడు. శత్రువుల ట్యాంకులు దాదాపు 60 ధ్వంసమయ్యాయి. పూనా హార్స్ పోగొట్టుకున్నవి 9. సెప్టెంబరు 16న అతని ట్యాంకుకు గుండ్లు తగిలాయి. లెఫ్టినెంట్ కర్నల్ తారాపూర్ ఆ రోజే యుద్ధభూమిలో ఒరిగిపోయాడు.

మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ఆ ప్రశంసాపత్రం ఫిల్లోరాతో మొదలై అతని చివరి పోరుతో ముగుస్తుంది. గ్రెనేడు గుంట మాట అందులో లేదు.