ఆరణాల కూలీ



ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య గారి గురించి ఎవరినైనా అడగండి, రెండు సంగతులు చెబుతారు. ఒకటి జంబో మంత్రివర్గం, రెండోది బేగంపేట విమానాశ్రయం. రెండూ చెప్పి నవ్వుతారు. ఆ నవ్వుతోనే నాకు పేచీ.

1919లో పుట్టిన అంజయ్య గారు హైదరాబాద్ సుల్తాన్‌బజార్ బడిలో చదివారు. పైచదువుకు డబ్బు లేక ఆల్విన్ కార్ఖానాలో కూలీగా చేరారు. రోజుకు ఆరణాలు. ఆల్విన్ అంటే నా తరానికి ముందు గుర్తొచ్చేది ఇనప బీరువా. మా పెళ్లికి మామగారు పెట్టింది ఇప్పటికీ ఇంట్లో ఉంది. తలుపు కిర్రుమంటుంది గానీ తాళం చెడలేదు. అలాంటి సరుకు తయారైన చోట రేకుల వేడిలో నిలబడ్డ మనిషి, అక్కడి నుంచి యూనియన్‌లోకి వచ్చారు.

యూనియన్ నాయకుడికి ఒక అలవాటు పడుతుంది. వచ్చినవాణ్ని వట్టిచేతులతో పంపడు. సస్పెండైనవాడు వస్తాడు, బోనస్ అందనివాడు వస్తాడు, కూతురి పెళ్లికి అడ్వాన్సు కావాలనేవాడు వస్తాడు. ‘కాదు’ అంటే మర్నాడు గేటు మీటింగుకు ఎవడూ రాడు. అంజయ్య గారి జీవితమంతా ఈ అలవాటులోనే ఉందని నా నమ్మకం. ఆయనను పైకి తెచ్చిందీ అదే, ముంచిందీ అదే.

ఆజామాబాద్ సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల ఓట్లున్న ముషీరాబాద్ ఆయనను శాసనసభకు పంపింది. రాష్ట్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1978లో అదే ముషీరాబాద్‌లో ఓడిపోయారు. ఓడించింది జమీందారో పెట్టుబడిదారో కాదు, మరో కార్మిక నాయకుడు, జనతా పార్టీ నాయిని నర్సింహారెడ్డి. కార్మికుల ఓట్ల కోసం ఇద్దరు కార్మిక నాయకులు పోటీపడే నియోజకవర్గాలు అప్పుడు ఉండేవి.

1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వంలో కేంద్ర కార్మిక శాఖ సహాయమంత్రి. ఆ ఏడాదే అక్టోబర్ 11న, మర్రి చెన్నారెడ్డి స్థానంలో ముఖ్యమంత్రి. కుర్చీ ఇచ్చింది ఢిల్లీ. కింద ఆయనకంటూ సొంత దండు లేదు. అడిగిన వర్గానికల్లా పదవి ఇచ్చుకుంటూ పోయారు. మంత్రుల లెక్క అరవై దాటింది. దీన్ని నేను సమర్థించను. ఆ కార్లకు, బంగళాలకు డబ్బు కట్టింది జనం. కానీ ముఠాలను పెంచింది ఢిల్లీ, నవ్వులపాలైంది అంజయ్య. శాసనసభ బలంలో 15 శాతానికి మించి మంత్రులుండకూడదన్న నిబంధన 2003లో, 91వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. అంటే అంజయ్య తరువాత ఇరవై ఏళ్లపాటు ఆ దారిలో చాలామందే నడిచారన్నమాట. వాళ్లను చూసి ఇంతగా ఎవరూ నవ్వలేదు.

1982 ఫిబ్రవరిలో రాజీవ్‌గాంధీ హైదరాబాద్ వచ్చారు. అప్పటికాయన అమేథీ ఎంపీ మాత్రమే. ముఖ్యమంత్రి దండలతో, డప్పులతో, జనంతో బేగంపేటకు వెళ్లారు. యూనియన్‌వాళ్లకు స్వాగతమంటే అదే. ఒకనాటి పైలట్ అయిన రాజీవ్‌కు రన్‌వే దగ్గర ఆ సందడి నచ్చలేదు. అందరి ముందూ కసిరారని పత్రికలు రాశాయి. ఆ నెల 24తో అంజయ్య పదవి ముగిసింది. మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. తెలుగువాడి ఆత్మగౌరవం అన్న నినాదానికి అంజయ్య అవమానమే సాక్ష్యమైంది.

అసలు చిక్కుముడి ఇక్కడుంది. 1984 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఆత్మగౌరవ గాలికి 42 స్థానాల్లో 30 తెలుగుదేశం గెలుచుకుంది. కాంగ్రెస్‌కు దక్కినవి ఆరు. ఆ ఆరింటిలో ఒకటి సికింద్రాబాద్, గెలిచింది అంజయ్య. ఎవరి అవమానం పేరు మీద రాష్ట్రం ఓటేసిందో ఆయనే కాంగ్రెస్ గుర్తుమీద గెలిచి, రాజీవ్ ప్రభుత్వంలో మళ్లీ కార్మిక శాఖకే వెళ్లారు. దీన్ని పిరికితనం అన్నవాళ్లున్నారు. నాకు అలా తోచదు. గేటు ముందు తిట్లు తిని, మళ్లీ అదే గేటులోకి పనికి వెళ్లిన మనిషి ఆయన. అభిమానం ఖరీదు కూలివాడికి వేరుగా పడుతుంది.

1986 అక్టోబర్ 19న కన్నుమూశారు. సికింద్రాబాద్‌కు భార్య మణెమ్మ ఎంపీ అయ్యారు. 2008 ఉపఎన్నికలో ముషీరాబాద్‌నూ ఆమే తిరిగి గెలిచారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కుకు ఆయన పేరుంది. టికెట్టు కొని లోపలికి వెళ్లేవాళ్లలో ఆ పేరు పలికేవారు నాకు కనబడలేదు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఆల్విన్‌లో పనిచేసినవాళ్లు సనత్‌నగర్, ఎర్రగడ్డ ప్రాంతాల్లో ఇంకా ఉన్నారు. వచ్చే ఏడు ఈ ఉపన్యాసానికి నాలాంటి వాణ్ని కాదు, వాళ్లలో ఒకరిని పిలవండి.