కంచె బ్యాటరీ: నీరు పోయునదా, మూసినదా?



వేరుశనగ, మొక్కజొన్న పండించు రైతుకు అడవిపందుల బెడద క్రొత్త కాదు. అందుకై పలువురు సౌరశక్తి కంచెలు వేసుకొనుచున్నారు. పగలు సౌరఫలకము పట్టిన విద్యుత్తును బ్యాటరీ దాచి, రాత్రి కంచెకు అందించును. ఒక్క రాత్రి బ్యాటరీ పనిచేయకున్నచో, ఊడలు దిగిన చేను తెల్లవారుసరికి దున్నినట్లగును. కావున బ్యాటరీని ఎన్నుకొను విధమును మనవి చేయుచున్నాను.

ట్రాక్టరు బ్యాటరీ ఇందుకు తగదు. ఇంజను తిప్పుటకు కొద్ది సెకన్లు మాత్రమే హెచ్చు విద్యుత్తు నిచ్చునట్లు దానిని చేసినారు, పలకలు పలుచన. రాత్రి పొడవునా నెమ్మదిగా ఖర్చగుటకు దళసరి పలకలుగల డీప్ సైకిల్ బ్యాటరీ కావలెను. ఇందు రెండు రకములు గలవు.

1. నీరు పోయు రకము: సీసపు పలకలు నీరు కలిపిన గంధకామ్లములో మునిగియుండును. ఛార్జి అగునపుడు కొంత నీరు వాయువులుగా విడిపోయి తరుగును. ఛార్జి పూర్తియైన పిమ్మట గుర్తువరకు డిస్టిల్డ్ వాటరు పోయవలెను. బోరునీటిలోని లవణములు పలకలను చెరచును. యాసిడ్ ఎన్నడును కలుపరాదు. వెల తక్కువ, శ్రద్ధగా చూచినచో చాలకాలము మన్నును. వెలువడు ఉదజని మండు వాయువు గనుక గాలియాడు చోట ఉంచవలెను. దాపున బీడీ, చుట్ట ముట్టించరాదు.

2. మూసిన రకము: ఆమ్లము గాజునూలు చాపలో ఇంకియో, గుజ్జుగానో ఉండును. వాయువులు చాలవరకు లోపలనే కలిసి తిరిగి నీరగును. నీరు పోయు పని లేదు, సాధారణముగా ఒలకదు. కాని వెల హెచ్చు. మితిమీరి ఛార్జి చేసినచో తేమ కవాటముగుండా పోవును. దానిని మరల నింపుటకు వీలులేదు.

ఏది కొనవలెను? "నెలకొకసారి మూత తీసి చూచువారెవరు?" అని ముందుగా ప్రశ్నించుకొనుడు. బ్యాటరీ ఇంటి చేరువ పాకలో ఉండి, ఆ పని ఒకరి బాధ్యతయైనచో నీరు పోయు రకమే లాభము. దూరపు చేనిలో, వారముల తరబడి ఎవరును చూడనిచోట మూసినది మేలు. నీరెండిన చౌక బ్యాటరీ కడకు ఖరీదైనదగును.

పరిమాణము లెక్కించుట సులభము. కంచె యంత్రము 5 వాట్లు, దీపము 5 వాట్లు, 12 గంటలు పనిచేసినచో 120 వాట్-గంటలు. 12 ఓల్టులతో భాగించగా రాత్రికి 10 ఆంపియర్-గంటలు. మబ్బు పట్టిన మూడు రాత్రులకు 30. బ్యాటరీని సగమునకు మించి ఖర్చు చేయరాదు గనుక 60 ఆంపియర్-గంటలది కావలెను.

ఏ రకము కొన్నను ఛార్జి కంట్రోలరును ఆ రకమునకే సరిచేయించుకొనుడు. బ్యాటరీని నీడన ఉంచుడు. 25 డిగ్రీలపై ప్రతి 10 డిగ్రీల వేడికి ఆయువు సుమారు సగమగును. పాతదానిని పగులగొట్టి ఆమ్లమును నేలపై పారబోయరాదు, సీసము విషము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమముల ప్రకారము తిరిగి తీసుకొను ఏర్పాటు ఉన్నది గనుక అమ్మకందారుకు అప్పగించుడు.

కడపటి మాట: బ్యాటరీ చెడినదని మెయిన్ లైను కరెంటును కంచెకు తగిలించరాదు. అది మనుష్యుల ప్రాణములను తీయును. పంటతోపాటు ప్రాణములను కాపాడుకొందురు గాక!