పన్నెండు గంటల మీద పదిహేను నిమిషాలు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ, మిమ్మల్ని ఇక్కడిదాకా నడిపించి ఇప్పుడు వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకూ నమస్కారం.

సోషల్ వర్క్, సైకాలజీ చదివినవాళ్ళు ఎక్కువమంది ఉన్నారని చెప్పి నన్ను పిలిచారు. అందుకని నాకు బాగా తెలిసిన ఒక్క పని గురించే మాట్లాడతాను. మాది నెల్లూరు జిల్లా. పదిహేడేళ్ళుగా అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ దగ్గర ఉంటున్నాను. తాగి బండి నడిపి పట్టుబడినవాళ్ళకూ మత్తుమందులతో దొరికినవాళ్ళకూ కోర్టు వేసే అవగాహన తరగతులు చెప్పడం నా ఉద్యోగం.

ఆ తరగతుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, అదీ మొదటి రోజు మొదటి పది నిమిషాల్లోనే. "సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు?"

మీకూ ఇవాళ చేతికి వచ్చేది ఒక సర్టిఫికెట్టే. మీరు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు. వాళ్ళు దాన్ని ప్రొబేషన్ ఆఫీసర్ చేతిలో పెట్టేసి ఆ రాత్రే మరిచిపోవాలనుకుంటారు. కింద సంతకం చేసేవాళ్ళు మాత్రం ఇక నుంచి మీలాంటివాళ్ళే. ఆ సంతకం గురించి నాకు చెప్పాలని ఉంది.

టెక్సస్‌లో మొదటిసారి తాగి నడిపి దొరికి ప్రొబేషన్ పడితే 12 గంటల క్లాసు. మళ్ళీ దొరికితే 32 గంటలది. మత్తుమందుల కేసుకు 15 గంటలది వేరే ఉంది. ఇలాంటి క్లాసులకు దారి చూపింది ఆరిజోనాలోని ఫీనిక్స్ నగరం, 1966లో. జరిమానా కట్టి వెళ్ళినవాళ్ళే మళ్ళీ మళ్ళీ బోనులోకి వస్తుంటే, శిక్షతోపాటు చదువు కూడా చెప్పి చూద్దామని అక్కడ మొదలుపెట్టారు. తర్వాత దేశమంతా ఆ దారి పట్టింది. మరి ఫలితం ఉందా అని మీరు అడగాలి, అడగడమే మీ చదువు. 1995లో 215 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. క్లాసులు, కౌన్సెలింగ్, చికిత్స లాంటివి అందినవాళ్ళలో మళ్ళీ తాగి నడపడం 7 నుంచి 9 శాతం తగ్గింది. అంతే. ఈ అంకె చూసి మొదట్లో నాకు నిద్ర పట్టలేదు, ఇంత కష్టానికి ఇంతేనా అని. ఇప్పుడు అలా అనుకోను. వందమందిలో తొమ్మిదిమంది కాకపోయినా, మళ్ళీ తప్పు చేసేవాళ్ళలో ఆ కొద్దిమంది తగ్గినా, ఎదురుగా వచ్చే బండిలో ఎవరున్నారో మనకు తెలియదు కదా.

కోవిడ్ వచ్చాక మా క్లాసులు తెర మీదికి వచ్చాయి. నాకు అస్సలు ఇష్టం లేకపోయింది. మనిషి వాసన తగలకుండా, చేతుల వణుకు కనపడకుండా ఈ పని ఎలా చేస్తామని వాదించాను. కానీ ఒక సంగతి ఒప్పుకోక తప్పలేదు. తాగి నడిపినందుకు వీళ్ళ లైసెన్సు సస్పెండ్ అవుతుంది. మా వైపు చాలా ఊళ్ళలో బస్సు ఉండదు. కారు లేకుండా పాల ప్యాకెట్టుకు కూడా పోలేని చోట, లైసెన్సు లేని మనిషిని ముప్ఫై మైళ్ళ అవతలి క్లాసుకు రమ్మంటే ఏం చేస్తాడు? మానేస్తాడు. లేదా లైసెన్సు లేకుండానే నడుపుకుంటూ వస్తాడు. ఆన్‌లైన్ ఆ బాధ తీర్చింది.

కొత్త బాధ కూడా తెచ్చింది. ఇంటర్నెట్లో వెతికితే కోర్టు క్లాసు పేరుతో బోలెడు దొరుకుతాయి. ఒకావిడ అలాంటిదొకటి కొనుక్కుని, పేజీలు నొక్కుకుంటూ ఒక్క మధ్యాహ్నంలో ముగించి, కాగితం ప్రింటు తీసుకుని కోర్టుకు వెళ్ళింది. ఇది చెల్లదన్నారు. ఇద్దరు పిల్లల తల్లి, రెండు చోట్ల పనిచేస్తుంది. ఆ డబ్బు పోయింది, గడువు దగ్గర పడింది, నా క్లాసులో మొదటి రోజంతా ఏడుస్తూనే ఉంది. ఏ క్లాసు చెల్లుతుందో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు, కొన్నిసార్లు ఒక్కో జడ్జిది ఒక్కో తీరు. ముందు కోర్టును అడగండి, తర్వాతే డబ్బు కట్టండి. ఈ చిన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీ దగ్గరికి వచ్చేవాళ్ళకు మొదట చెప్పాల్సింది ఇలాంటి మాటలే.

ఇప్పుడు నా క్లాసులోకి ఒకసారి తీసుకెళ్తాను.

రెండో రోజు అందరినీ వంటింట్లోకి వెళ్ళి, రోజూ తాగే గ్లాసు తెచ్చుకోమంటాను. మీరు 'ఒకటి' అనేది ఎంతో, ఆ గ్లాసులో నీళ్ళు పోసి చూపించండి అంటాను. పాత పద్ధతిలో, కుర్చీలు వేసిన గదిలో ఇది కుదిరేది కాదు. ఆన్‌లైన్లో కుదిరింది, ఎందుకంటే ఎవరి గ్లాసు వాళ్ళ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. ఒకాయన పెద్ద మగ్గు తెచ్చాడు. ఒక తెలుగాయన స్టీలు గ్లాసు తెచ్చాడు, మనం మజ్జిగ తాగేదే. నీళ్ళు పోశాడు. వాటిని కొలత గ్లాసులోకి వంపమన్నాను. 130 మిల్లీలీటర్లు వచ్చాయి. విస్కీ అయితే అమెరికా లెక్కలో ఒక డ్రింకు అంటే 44 మిల్లీలీటర్లు. అంటే ఆయన 'ఒకటే తీసుకున్నా' అని పోలీసుకు చెప్పిన మాట అబద్ధం కాదు. ఆయన ఒకటి మూడుకు సమానం. ఆయన గ్లాసు కింద పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నేనేమీ అనలేదు.

ఇక్కడి లెక్కా చెప్తాను. మన క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 42.8 శాతం. బరువులో చూస్తే 60 గ్రాముల పైమాటే. అమెరికా డ్రింకులో ఉండేది 14 గ్రాములు. ఒక క్వార్టర్ నాలుగు డ్రింకులు దాటిందన్నమాట. కాలేయం గంటకు సుమారు ఒక డ్రింకును ఖర్చు పెడుతుంది. మజ్జిగ తాగినా, నిమ్మరసం పిండుకున్నా, తల మీద చన్నీళ్ళు కుమ్మరించుకున్నా అది తొందరపడదు. అర్ధరాత్రి దాకా హాఫ్ తాగి పడుకున్న మనిషి పొద్దున్నే పిల్లల్ని బండి మీద బడికి దింపుతుంటే, వాడి రక్తంలో మందు ఇంకా ఉండవచ్చు. తాగి నడుపుతున్నానని వాడికి తెలియదు. మన చట్టం అమెరికా కంటే గట్టిదని కూడా చాలామందికి తెలియదు. టెక్సస్‌లో హద్దు 0.08 శాతం. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అదే క్లాసులో ఇంకో తెలుగబ్బాయి. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి చెప్తున్నాను. ఎంఎస్ చదువుతున్నాడు. గ్లాసు తెమ్మంటే "నా దగ్గర గ్లాసు లేదు మేడమ్" అన్నాడు. కెమెరా పెట్టక తప్పదు కాబట్టి పెట్టేవాడు కానీ, కనపడేది సగం ముఖమే, అదీ చీకట్లో. రెండు క్లాసులయ్యాక అర్థమైంది, ఆపి ఉంచిన స్నేహితుడి కారులో వెనక సీట్లో కూర్చుంటున్నాడని. గదిలో మిగతా ముగ్గురికీ తన కేసు సంగతి తెలియకూడదు. డిసెంబరు చలి. మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాడు, పరీక్షలో మంచి మార్కులు. నేను సంతకం చేయడానికి ఏ అడ్డూ లేదు.

పన్నెండు గంటలూ అయిపోయాయి. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అతని చదరం మాత్రం మిగిలింది. "ఏమైనా అడగాలా నాన్నా?" అన్నాను తెలుగులో. అంతవరకూ ఇంగ్లీషులోనే మాట్లాడాం. అతను ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఎంతసేపో తెలియదు, నాకైతే చాలాసేపనిపించింది. అప్పుడన్నాడు, "అక్కా, చెల్లి పెళ్ళి ఫిబ్రవరిలో. రాలేనని అమ్మకి ఏం చెప్పాలి?"

వీసా రద్దయిందని అతనికి మెయిల్ వచ్చింది. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ పద్ధతి ఇదే. తాగి నడిపి అరెస్టయితే చాలు, కోర్టు తీర్పుతో పని లేకుండానే వీసా రద్దు చేయవచ్చు. అప్పట్లో చదువు సాగించే వీలుండేది కానీ, దేశం దాటితే మళ్ళీ కాన్సులేటు మెట్లెక్కి, డాక్టరు పరీక్షలు దాటుకుని రావాలి. మన పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమందని నేను అడుగుతూనే ఉంటాను. అమెరికా వెళ్ళే ముందు వీసా ఇంటర్వ్యూలో ఏ చొక్కా వేసుకోవాలో చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు, ఇది చెప్పేవాళ్ళు లేరు.

ఆ రాత్రి పదిహేను నిమిషాలు మాట్లాడాడు. పెళ్ళి సంగతి ఐదు నిమిషాలే. మిగతాదంతా, రాత్రుళ్ళు గదిలో అందరూ పడుకున్నాక ఒక్కడే ఎంత తాగుతున్నాడో. పన్నెండు గంటల్లో ఏ ప్రశ్నపత్రంలోనూ రాయని సంగతి. మర్నాడు అతన్ని ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపగలిగాను, అదీ అతనే అడిగాడు కాబట్టి.

విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో రాసిన ఒక వ్యాసం మీరు చదివే ఉంటారు. మానెయ్యమని మనం వాదిస్తే, ఎదుటివాడు తాగుడు తరఫున వాదించడం మొదలుపెడతాడు. మానాలన్న మాట వాడి నోటి నుంచే రావాలి. మన ఊళ్ళలో దీన్ని చదువుకోకుండానే తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు. మా పెద్దమ్మ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. నెల్లూరు జిల్లాలో ఆ అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజులవి. వాచకంలో ఒక పాఠం, ఆడవాళ్ళంతా కలిసి సారా దుకాణం మూయించడం గురించి. ఆ పాఠం దగ్గర ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదట. పలక పక్కన పెట్టి ఒకరి తర్వాత ఒకరు తమ ఇంటి సంగతి చెప్పుకున్నారట. 1990ల మొదట్లో మా జిల్లాలోని దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఎక్కడిదాకా వెళ్ళిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ నిషేధం తర్వాత వచ్చి, 1997లో సడలిపోయింది. నిషేధం మంచిచెడ్డలు ఇవాళ మాట్లాడను. ఆ రాత్రి బడిలో పాఠం చెప్పినవాళ్ళు ఊరుకుని విన్నారు, నాకు కావలసింది అదే.

మీలో కొందరికి హైదరాబాదులోనే ఈ పని దొరుకుతుంది. తాగి నడిపి దొరికినవాళ్ళను కోర్టుకు పంపే ముందు గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థలకు ఇంట్లోవాళ్ళతో సహా పిలిచి కౌన్సెలింగ్ ఇవ్వడం మీకు తెలుసు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకున్న పాతికేళ్ళ కుర్రాడు నేల చూపులు చూస్తాడు. భార్య పక్కనున్నాయన నవ్వడానికి ప్రయత్నిస్తాడు. ఆ హాల్లో వందమంది ఉన్నా, సమయం తక్కువైనా, ఒక్కరి దగ్గరైనా ఆగండి. ఇంకా కావాలన్నవాళ్ళకు 14446 నంబరు రాసివ్వండి, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ అది, ఉచితం. విన్నది విన్నచోటే ఉంచండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 చికిత్స చేసేవాళ్ళ నోటికి ఆ కట్టు వేసింది. ఆ అబ్బాయి కారు చీకట్లో నోరు విప్పింది నేను కోర్టుకు చెప్పనని నమ్మబట్టే. కోర్టుకు నేను పంపినది ఒకటే వాక్యం: 12 గంటలు పూర్తి చేశాడు.

అతను మార్చిలో ఒకసారి ఫోను చేశాడు. చెల్లి పెళ్ళి వీడియోలో చూశాడట, అదే కారులో కూర్చుని. అమ్మకి అంతా చెప్పేశాడట. అమ్మ ఏమందని అడిగాను. "గ్లాసు తీసి చూపించమంది అక్కా," అన్నాడు.

మీ పేర్లు పిలవడానికి రిజిస్ట్రారు గారు లేచి నిలబడ్డారు. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకు సరిగ్గా కనపడాలి, కాస్త మెల్లగా నడవండి.