ఫోను ఎవరి చేతిలో ఉంది?



ఇంటికి వెళ్లాక మీ పిల్లల బడి పుస్తకం తీసి చూడండి. చాలా పుస్తకాల్లో పాఠం దగ్గర నల్లచుక్కల చదరం ఒకటి ఉంటుంది. కిరాణా కొట్లో డబ్బు కట్టడానికి ఫోను పెడతారు చూడండి, అలాంటిదే. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. కొట్లో ఉన్నది డబ్బు కట్టే దారి. పుస్తకంలో ఉన్నది చదువుకునే దారి.

బడికి యంత్రం రావడం కొత్త కాదు. 1975 ఆగస్టులో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు వచ్చాయి. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పొద్దున పిల్లలకు పాఠాలు. సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం సంగతులు. ఆ ఉపగ్రహం అమెరికాది. ఏడాది గడువు కాగానే 1976 జూలైలో అవి ఆగిపోయాయి.

2020లో కరోనా వచ్చింది. బళ్లు మూతపడ్డాయి. పాఠాలు టీవీలోకి, ఫోనులోకి వచ్చాయి. ఫోను లేని ఇంటి పిల్లలు వెనకబడ్డారు. మరి ఒక్క ఫోనే ఉన్న ఇంట్లో? ఎన్నో ఇళ్లలో అది మగపిల్లాడి చేతికే పోయింది. ఆడపిల్ల అంట్ల దగ్గరే ఉండిపోయింది. ఇది యంత్రం తప్పా? కాదు. ఇంట్లో పంచే చెయ్యి తప్పు.

2017లో కేంద్ర ప్రభుత్వం 'దీక్ష' అనే యాప్ మొదలుపెట్టింది. దాన్ని ఫోనులో పెట్టుకోవాలి. భాష, తరగతి ఎంచుకోవాలి. అందులోనే ఉన్న కోడ్ గుర్తు నొక్కి, ఫోనును పుస్తకంలోని చదరానికి ఎదురుగా పట్టాలి. ఆ పాఠం బొమ్మలతో, మాటలతో వస్తుంది. దానికి రుసుం లేదు. నెట్ ఖర్చు ఒక్కటే. పాఠం కోసం ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకండి.

ఇక బడి సంగతి. కొన్ని బళ్లలో కంప్యూటరు ఉంటుంది. గదికి తాళమూ ఉంటుంది. పెట్టెలో దాచిన చీర మడతల్లోనే చిరిగినట్టు, వాడకుండానే అది పాడవుతుంది. అడిగేవాళ్లు కావాలి. ఎవరు అడగాలి? మీరే.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మీటింగుకు వెళ్లండి. మూడు మాటలు అడగండి. కంప్యూటరు పనిచేస్తోందా? వారానికి ఎన్ని గంటలు నేర్పుతున్నారు? ఆడపిల్లల చెయ్యి కూడా దాని మీద పడుతోందా?

తీర్మానం పుస్తకం ముందుకు తెస్తారు. 'ఇక్కడ సంతకం పెట్టమ్మా' అంటారు. తొందరపడకండి. కూడబలుక్కునైనా సరే, మొత్తం చదవండి. మీరు చెప్పిన మాట అందులో ఉందో లేదో చూసి సంతకం పెట్టండి. మీరు అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే.

ఈ రాత్రి అన్నాలు అయ్యాక ఇంట్లో ఒకసారి చూడండి. ఫోను ఎవరి చేతిలో ఉంది? కూతురు ఎక్కడుంది? ఆ గిన్నెలు కొడుకును కడగమనండి. ఫోనూ పుస్తకమూ పట్టుకుని కూతురి పక్కన కూర్చోండి.